యెమీమాకు మూత వేసిన లెంటు

భస్మ బుధవారం

మంచు తవ్వే మా ఎలీములో ఉపవాసం చెయ్యకూడదు. కడుపు ఖాళీగా ఉంటే ఈ చలికి మనిషి నిలబడడని కంపెనీ రూలు. అందుకని మా పాస్టరు జెకర్యా అయ్యగారు ఈస్టరుకి ముందు నలభై రోజుల ఈ లెంటుకి కొత్త దీక్ష పెట్టారు. అన్నం మానే బదులు రోజూ నాలుగు మాటలు నిజం రాసుకోవాలి. ఎవరికీ చూపించక్కర్లేదు. ఆకలికంటే ఇదే కష్టమమ్మా అని నవ్వారు. నాకేం కష్టం, నేనెప్పుడూ నిజమే మాట్లాడతాను.

సరే, నిజం. యెమీమా పాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ సంఘంలో పాట ఎత్తేది నేను. మొదటి ఓడలో ఈ మంచుగడ్డ మీద దిగిన రోజునుంచీ నేనే. నేను పల్లవి అంటాను, తర్వాత జనం అందుకుంటారు. మిగతా రోజుల్లో ఉమ్మడి వంటశాలలో సంకటి గెలుకుతాను, కానీ ఆదివారం మాత్రం నా నోరు తెరుచుకోకపోతే ఆరాధన మొదలు కాదు. యెమీమా పోయిన ఓడలో వచ్చింది. ఆమె తమ్ముడు ఇక్కడే మంచు సొరంగం కూలి చనిపోయాడు. అతని ఖాళీలో ఆమెను తీసుకున్నారు. సొరంగంలో మంచునీళ్ళు వడకట్టే జల్లెడలు కడుగుతుంది.

పోయిన ఆదివారం కొత్తవాళ్ళు దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పండమ్మా అన్నారు అయ్యగారు. ఆ పిల్ల లేచి సాక్ష్యం చెప్పకుండా పాట ఎత్తింది. సొంత పాట.

ఆలస్యమైందేమయ్యా, నా తండ్రీ, ఆలస్యమైందేమయ్యా
గడియ వేసి నే పడుకున్నాక తలుపు తట్టావేమయ్యా

అయిపోయాక ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. నా మొగుడు ఇశ్రాయేలు తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ నా పాట వింటున్నాడు. ఆ తుండుగుడ్డ ఒక్కసారీ కళ్ళదాకా పోలేదు.

గురువారం

స్త్రీల సమాజంలో నేనేమీ అనలేదు. అడిగానంతే.

"దేవుణ్ణి పట్టుకుని ఆలస్యం చేశావనొచ్చా వదినా?" అన్నాను రాహేలమ్మతో. రాహేలమ్మ నా పక్క గదిలో ఉంటుంది. దేన్నైనా ఊరంతా చేరవెయ్యాలంటే ఆమెకి చెప్పి, ఎవరికీ చెప్పొద్దంటే చాలు.

"పాట బాగుంది గదా అనుకున్నా," అంది.

"బాగుంటే మాత్రం? దేవుడు ఆలస్యం చేస్తాడని రేపు పిల్లలు పాడతారు. నాకెందుకులే, నేను పెద్దదాన్ని. పిల్లల సంగతి చూసుకోండి."

అంతే అన్నాను. సాయంత్రం వంట చల్లారేలోపే చాలామంది యెమీమాకు మూత వేశారు.

మూత సంగతి రాయాలి. ఇక్కడ మంచు కరిగించే కొలిమి రాత్రీ పగలూ ఆగదు. అది ఆగితే నీళ్ళుండవు, వెచ్చదనమూ ఉండదు. దాని హోరులో పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకే అందరికీ గొంతుకి పట్టీ, చెవిలో పూస. పట్టీ నుంచి పూసకే మాట. మెల్లగా మాట్లాడితే దగ్గరివాళ్ళకి, గొంతెత్తితే ఎలీమంతటికీ. ఎవరి మాటైనా వద్దనుకుంటే వాళ్ళ పేరు పలికి పూస నొక్కాలి. ఇక వాళ్ళు పెదవులు కదిపే బొమ్మలే. మళ్ళీ పేరు పలికి నొక్కితే మూత తీసినట్టు.

మొదటి ఆదివారం, సాయంత్రం

సంఘ పెద్దల కూటం జరిగింది. స్త్రీల సమాజం అధ్యక్షురాలిని కాబట్టి నన్నూ పిలిచారు.

అయ్యగారు వద్దనే అన్నారు. "దేవుణ్ణి ఇట్టా నిలదీసినోళ్ళు వాక్యంలోనే ఉన్నారు. వాళ్ళని ఎవరూ వెలెయ్యలేదు," అన్నారు. కానీ పెద్దాయన దేవదానం గారు పట్టు వదల్లేదు. "మన సంఘంలో దేవుణ్ణి తిడతన్నారని పక్క గుడారాలోళ్ళు చెప్పుకుంటన్నారు. పరువుందా మనకి?" అన్నాడు. పక్క గుడారాలవాళ్ళకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. రాహేలమ్మను అడగాలి.

చివరికి మూడు నియమాలు పెట్టుకున్నాం. సంఘమంతా యెమీమాకు మూత వెయ్యాలి, తీసిన వాళ్ళకీ ఈస్టరు తర్వాతొచ్చే పెంతెకొస్తు పండగ దాకా మూతే. ఆమె మనసు మారిందని, ఆమె మాట చెవులారా విన్న సాక్షి ఒకరు లేచి చెబితే మూత తీయొచ్చు. ఈస్టరులోపు అలా జరగకపోతే సోమవారం వచ్చే ఓడలో ఆమెను తిరిగి పంపెయ్యాలి, ఎందుకంటే ఒకరి మాట ఒకరు వినని చోట సొరంగం పని నడవదు.

"మూత వేసినోళ్ళకి ఆమె మాట ఎట్టా వినపడిద్ది? వినపడినోళ్ళు సాక్ష్యం ఎట్టా చెప్తారు?" అని అయ్యగారు అడిగారు. అప్పటికే అందరూ ముగింపు ప్రార్థనకి కళ్ళు మూసుకున్నారు.

ఆరాధనకి వచ్చేవాళ్ళ పూసలు గుమ్మం దగ్గర పరీక్ష పుల్లతో చూసే పని నాకిచ్చారు. మూత ఉంటే పచ్చ దీపం, తెరిచి ఉంటే ఎరుపు. పుల్ల పట్టుకున్న మనిషిని ఎవరు పరీక్షించాలో రాసుకోవడం మర్చిపోయారు. నేను గుర్తు చెయ్యలేదు.

అందరి ముందూ నేనూ పూస నొక్కాను. పేరు మాత్రం పలకలేదు. ఆ పిల్ల ఏం పాడుతోందో తెలియకుండా నేనెలా బతకాలి?

బుధవారం

ఎవరూ వినడం లేదనుకుంటే మనిషి ఎంత వాగుతుందో యెమీమాను చూసి తెలుసుకున్నాను. జల్లెడలతో గొంతెత్తి మాట్లాడుతుంది. కంపెనీ బూట్లను తిడుతుంది. చచ్చిపోయిన తమ్ముడితో వంటశాల కబుర్లు చెబుతుంది. "సంకటి మళ్ళీ అడుగంటిందిరా చిన్నా. సువార్తక్క చెయ్యి గొంతంత గట్టిది," అంది ఇవాళ. సంకటి అడుగంటలేదు. కొంచెం మాడింది.

ఆ తర్వాత పాడింది. నేను గరిటె పక్కన పెట్టి వెచ్చటి గొట్టానికి ఆనుకుని కూర్చున్నాను. ఇది కొత్త పాట.

ఊట ఉందన్నావు, తవ్వమన్నావు
తవ్వి తవ్వి గోళ్ళు అరిగె, తడి ఏదయ్యా

ఇంత లోకంలో ఆ పాట విన్నది నేనొక్కదాన్నే. ఆ మాట తలుచుకుంటే ఎంత కుళ్ళుగా ఉందో అంత తియ్యగా కూడా ఉంది. దేవుడు ఆ గొంతు నాకివ్వకుండా జల్లెడలు కడిగే పిల్లకి ఎందుకిచ్చాడో నాకు అర్థం కాదు. కనీసం వినే చెవి నాకొక్కదానికే ఇచ్చాడు.

మూడో ఆదివారం

ఇవాళ నేను కొత్త పాట ఎత్తాను. ఊట పాట.

దొంగతనం అనుకోకూడదు. ఆమె నోట పడితే ఆ పాట జల్లెడలకి తప్ప ఎవరికి పనికొస్తుంది? నాలుగు రోజులు వంట చేస్తూ సాధన చేశాను. జనం రెండోసారికే అందుకున్నారు, ఇంత త్వరగా ఏ పాటా అందుకోలేదు. దేవదానం గారు చేతులు జోడించి, "ఎంత ఆత్మీయంగా ఉందమ్మా," అన్నాడు. ఆలస్యమైంది అంటే దూషణ అన్నవాడికి తడి ఏది అంటే ఆత్మీయం అయింది.

యెమీమా చివరి మూల కూర్చుని ఉంది. ఆమె చెవులకి మూత లేదు కదా, నా పాట ఆమెకు వినబడుతుందన్న సంగతి రెండో చరణం మధ్యలో గుర్తొచ్చింది. అటు చూడలేదు.

బయటికొచ్చాక రాహేలమ్మ అడిగింది. "ఎట్టా వచ్చింది వదినా ఈ పాట?"

"ప్రార్థనలో దిగింది."

రాహేలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాపం కదిలిపోయింది అనుకున్నాను.

సోమవారం

పొద్దున్నే సంకటి పోస్తుంటే చెవిలో యెమీమా గొంతు. సొరంగంలోంచి, బాగా ఎత్తి.

"సువార్తక్కా, అయితే వింటన్నావన్నమాట."

గరిటె జారి పొయ్యి మీద పడింది.

"పాట ఎత్తుకుంటే ఎత్తుకున్నావు. నేను పాడితే వినే దిక్కెట్టాగూ లేదు. కానీ గోళ్ళు అరిగె కాడ అంత సాగదీశావేంది? అక్కడ సాగకూడదక్కా, తెగిపోవాలి. ఇంకోటి. శ్రుతి ఒక మెట్టు దించుకో. అంత పైకి పోతే నీ గొంతు పగిలిద్ది."

నా గొంతు. నాకు. నిన్నగాక మొన్న ఓడ దిగిన పిల్ల. అక్కడికక్కడే పూస మీద వేలు పెట్టాను, యె అని కూడా అన్నాను. మిగతా పేరు నోట రాలేదు. ఈ మాట నిజం కాబట్టి రాస్తున్నాను: ఆమె నన్ను తిట్టలేదని నాకు ఇంకా కోపంగా ఉంది.

నాలుగో ఆదివారం

శ్రుతి దించాను. గోళ్ళ దగ్గర తెంపాను. పాట కూర్చున్నట్టు కూర్చుంది. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బాగా కుదిరిందని చూసుకుంటున్నారనుకున్నాను.

ఈమధ్య ఆరాధనకి వచ్చేవాళ్ళలో భక్తి పెరిగింది. గుమ్మం బయట వరసలో నిలబడి, చెవి పట్టుకుని ఏదో గొణుక్కుంటూ లోపలికొస్తున్నారు. అందరికీ పచ్చ దీపమే. యెమీమా మాత్రం లోపలికి వచ్చేటప్పుడు ఎవరికీ వందనాలు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పేది. రోజూ పొద్దున్నే నాతో మాట్లాడుతుంది కానీ, ఈ వారం ఆ మాటల్లో బలం తగ్గింది.

"అక్కా, ఈస్టరు దగ్గర పడతంది," అంది నిన్న. "నన్ను పంపిస్తే మా తమ్ముడు ఇక్కడ ఒక్కడే ఉంటాడు. వాణ్ణి తవ్వి తీయలేదుగా, మంచులోనే ఉన్నాడు. వాడి పక్కన పాడుకుందామని వచ్చాను నేను. ఒక్క సాక్షి చాలంట. నువ్వు తప్ప నా మాట విన్నోళ్ళు లేరు. బలవంతం చెయ్యనులే. నాకోసం నీ నోరు ఎందుకు పోగొట్టుకుంటావు?"

జవాబు చెబితే అందరికీ వినబడుతుంది. లేచి సాక్ష్యం చెబితే మూత నాకు పడుతుంది, పాట ఆమె ఎత్తుతుంది. ఆమె ఓడ ఎక్కితే పాట నాదే, కానీ ఎత్తడానికి కొత్త పాట ఉండదు. ఎటు తిప్పినా ఆ పిల్లే గెలుస్తోంది.

మట్టలాదివారం

ఖర్జూర మట్టలు ఎక్కడ దొరుకుతాయిక్కడ. పాత నీళ్ళ గొట్టాలు చీల్చి పిల్లలకి పంచాం. ఊపమంటే కొరడాల్లా కొట్టుకున్నారు.

ఇంటికొచ్చాక ఇశ్రాయేలు బూట్లకి నూనె రాస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నేను కూర్చున్నచోటే గడ్డకట్టాను.

"ఏందయ్యా ఆ పాట?"

"ఏ పాటా? నువ్వు పాడేదే."

"అది నేనింకా పాడలేదు."

అతను బూటులోకి తొంగి చూశాడు, జవాబు అందులో ఉన్నట్టు. ఆ రాగం యెమీమా మొన్న కట్టింది. దానికి ఇంకా మాటలు కూడా పడలేదు.

మొగుడు ఇంకో ఆడదాని వంక చూశాడంటే నాలుగు రోజులు అరిచి ఊరుకునేదాన్ని. ఇది అలా కాదు. ఆ గొంతు నాకొక్కదానికే వినబడుతోంది అనుకున్నాను. అందులో కూడా వాటాకొచ్చాడు. పైగా ఆమె నాకు శ్రుతి దించుకోమని చెప్పిన మాట కూడా విన్నాడన్నమాట. విని, ఆదివారం నా పక్కన కూర్చుని, ఏమీ ఎరగనట్టు తాళం వేశాడు.

పచ్చ దీపంతో లోపలికొచ్చినవాడు తర్వాత తెరుచుకుంటున్నాడని అర్థమైంది. అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. "మంచి శుక్రవారం ఆరాధన అయినాక, బయటికెళ్ళేటప్పుడు కూడా పుల్ల పెట్టి చూద్దామండీ," అన్నాను. ఆయన, "నీకది అవసరమైతే చూడమ్మా," అన్నారు.

మంచి శుక్రవారం

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించే ఆరాధన ఇది, మధ్యాహ్నమంతా సాగుతుంది. నాలుగో మాట, నా దేవా నన్నెందుకు చేయి విడిచావు అన్నది, దేవదానం గారిది. ఆయన కూర్చున్నాక పాట ఎత్తాల్సింది నేను. లేచి నిలబడ్డాను. అప్పుడే చివరి మూలలో యెమీమా పెదవులు కదిలాయి. ఆ రాగానికి మాటలు పడ్డాయి.

నన్నెందుకు వదిలావని నువ్వూ అడిగావే
అడిగిన నోటిని ఎవరు మూశారయ్యా

నేను పాట ఎత్తలేదు. నిలబడి వింటూ ఉండిపోయాను. సంఘం వైపు తిరిగి ఉన్నాను కాబట్టి అంతా కనబడింది. పెదవులు గొణిగాయి, చేతులు చెవులకి పోయాయి. ఒకరికి దురద. ఒకరు వెంట్రుకలు సర్దుకున్నారు. రాహేలమ్మ కొంగు తల మీదికి లాక్కునే వంకతో నొక్కింది.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పుల్ల పట్టుకుని నిలబడ్డాను. పుల్ల చివర దీపం చిన్నది, నా అరచేతి మరుగున నాకూ ఎదుటి మనిషికీ తప్ప కనబడదు. ఇశ్రాయేలు మొదట వచ్చాడు. ఎరుపు. తల దించుకున్నాడు. ఆ తర్వాత రాహేలమ్మ. ఎరుపు. "వదినా, నీ కాళ్ళు మొక్కుతా," అని కళ్ళతోనే అంది. దేవదానం గారు. ఎరుపు. నియమం రాసిన చేత్తోనే చెవి కప్పుకున్నాడు. ఆయన వెనక ఆయన భార్య. ఆమె వెనక కొలిమి మేస్త్రీ. ఎరుపు, ఎరుపు. దొరికింది తామొక్కరే అనుకుని, ప్రతివాళ్ళూ నన్ను దీనంగా చూసి జారుకుని, అవతల గుంపుగా నిలబడ్డారు.

నాకు చెవుల్లోంచి పొగలు వచ్చాయి. అందరూ విన్నారు. నా సంకటి మాడిందని విన్నారు. గోళ్ళ దగ్గర సాగదీశావేందని విన్నారు. తర్వాతి ఆదివారం నేను బుద్ధిగా శ్రుతి దించడం చూశారు. రాహేలమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది ఏడుపుకి కాదు. ఇన్నాళ్ళూ దాచుకు తింటున్నాననుకున్న ముద్ద ఊరంతా పంచుకు తిన్న ముద్దే.

ఆఖరున అయ్యగారు వచ్చి పుల్ల ముందు చెవి వంచారు. పచ్చ. వద్దని చెప్పిన మనిషి ఒక్కడే మాట మీద నిలబడ్డాడు.

"ఎంతమందమ్మా?" అన్నారు, అందరికీ వినబడేలా.

గుంపు మొత్తం నా నోటి వంక చూసింది. దూరంగా యెమీమా మూట సర్దుకున్నదానిలా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ లేరంటే సోమవారం ఆమెకు ఓడ. అందరూ అంటే ఊరంతా సాక్షులే, ఆమెను విన్న గొప్ప అందరికీ సమానంగా పోతుంది. అది మాత్రం నేను పడలేను.

"ఒక్కరే అయ్యగారూ. నేను."

పుల్ల నా పూసకి ఆనించి చూపించాను. ఎరుపు.

"ఆమె మాట విన్నది నేనొక్కదాన్నే. సాక్షిని నేనే. ఇన్నాళ్ళూ నేను ఎత్తిన కొత్త పాటలు కూడా ఆమెవే."

అయ్యగారు గుంపు వంక ఒకసారి చూసి, మళ్ళీ నా వంక తిరిగారు. "ఆమె మనసు మారిందా? తప్పని ఒప్పుకుందా?"

"ఒప్పుకోలేదండి. ఆలస్యమెందుకైందని దేవుణ్ణి రోజూ అడుగుతానే ఉంది. నేనైతే ఎప్పుడో అలిగి మాట మానేసేదాన్ని. ఆ పిల్ల మానలేదు. మనిషన్నవాడు ఒక్కడూ వినకపోయినా ఆయనతో మాట్లాడతానే ఉంది. మనసు మారాల్సింది ఏముందండీ అందులో?"

"సాక్షి దొరికింది, చాలు," అన్నాడు దేవదానం గారు గబగబా. చాలు చాలు అన్నారు అందరూ. అంత తొందరగా ఏకగ్రీవం కావడం ఎలీములో ఇదే మొదలు. యెమీమా పేరు పలికి పూసలు నొక్కారు, అప్పటికే తెరిచి ఉన్నవాటిని మూసి, మళ్ళీ గుట్టుగా తెరిచారు. తర్వాత నియమం ప్రకారం పెంతెకొస్తు దాకా నాకు మూత. సువార్త, సువార్త అని నా పేరు గొణుగుతూ నొక్కారు. ఇశ్రాయేలు కూడా నొక్కాడు. యెమీమా వంక నేను చూడలేదు, ఆమె కృతజ్ఞత చూసే ఓపిక నాకు లేదు.

ఈస్టరు సోమవారం

ఓడ వచ్చి, పిండి బస్తాలు దింపి, ఖాళీగా పోయింది.

నిన్న పాట ఎత్తింది యెమీమా. నేను మూడో వరసలో కూర్చుని పెదవులు కదిపాను. బాగా పాడింది. ఈ మాట ఇంకెప్పుడూ రాయను.

లెంటు అయిపోయింది, రాయాల్సిన పని లేదు. అయినా ఒకటి రాయాలి. ఆమెకి మూత వేసినప్పుడు ఊరంతా దొంగచాటుగా తెరుచుకున్నారు. మరి నాకో? నిన్నటినుంచీ పరీక్షిస్తున్నాను. ఇంట్లో ఇశ్రాయేలు చెవి దగ్గర, "బీరువా మీద పాముంది," అన్నాను. కదల్లేదు. రాహేలమ్మను ఆమె అత్తగారు పెట్టిన పేరుతో పిలిచాను. తిరిగి చూడలేదు. నాకు మాత్రం నిజం మూత వేశారు. అంత పాపం చేసిందాన్నా నేను?

ఇవాళ వంటశాలలో వరసగా అందరూ నిలబడ్డారు, నేను సంకటి పోస్తున్నాను. ఉండబట్టలేక గొంతెత్తాను. "మా ఇశ్రాయేలు గురకకి కొలిమి సిగ్గుపడి ఒకసారి ఆగిపోయిందంట," అన్నాను. ఎవరి మొహంలోనూ చిరునవ్వు లేదు. పళ్ళేలు చాచి నిలబడ్డారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆవిరికి అనుకుని ఉంటారు.

వరస చివర ఒక పళ్ళెం వణికింది. యెమీమా గోడ వైపు తిరిగి, పెదవి కొరుక్కుని, భుజాలు ఎగరేస్తూ నవ్వు ఆపుకుంటోంది.

ఊళ్ళో ఇంతమంది ఉండగా ఆమేనా దొరికింది నాకు. ఒళ్ళు భగ్గుమంది. అయినా సంకటి పోస్తూనే దేవదానం గారి మీద ఇంకొకటి చెప్పాను, ఇంకాస్త గట్టిగా.